ఆయాసమంటే ఆస్తమా ఒక్కటే కాదు: జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం. మీ ఆఫీసులో రెండు అర్జీలు ఇచ్చాను, జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను.

మా నాన్నగారికి పడుకుంటే ఆయాసం, కాళ్ల వాపు. మా ఊరి ఆసుపత్రిలో ఆస్తమా అని ఇన్‌హేలర్ ఇచ్చి పంపారు. నాలుగు నెలలు రాత్రంతా దిండ్లకు ఆనుకుని కూర్చునే కునుకు తీశారండీ, పక్కన అమ్మ కూడా మేలుకునే ఉండేది. చివరికి సిటీకి తీసుకెళ్తే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే రక్తపరీక్ష, ఎకో (గుండె స్కాన్) చేసి హార్ట్ ఫెయిల్యూర్, అంటే గుండె రక్తాన్ని సరిగా పంప్ చేయలేకపోవడం అని తేల్చారు, అప్పటికే గుండె పంపింగ్ 25 శాతానికి పడిపోయింది.

మందులు లేవా అంటే ఉన్నాయి. షుగర్ మాత్రగా వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్, పంపింగ్ తగ్గినవాళ్లకు షుగర్ లేకపోయినా మేలు చేస్తుందని 2019లోనే రుజువైంది, ఆ తర్వాత మన దేశంలో పేటెంట్ ముగిశాక ధర కూడా దిగింది. ఇలాంటివాళ్లకు ఈ రకంతో సహా నాలుగు రకాల మందులు కలిపి వాడమని యూరప్ గుండె వైద్యులు 2021లోనే చెప్పారు. నాన్నగారికి అవే ఇచ్చారు, ఇప్పుడు ఒక్క దిండుతో పడుకుంటున్నారు.

ఏరియా ఆసుపత్రిలో ఆ రక్తపరీక్ష, వారానికి రెండు రోజులైనా ఎకో, ఆ నాలుగు మందులు ఉచితంగా అందేలా చూడండి. ఎప్పటిలోగా చేస్తారో పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా చెప్పండి.