లాయర్ల ర్యాంకుల పక్కనే ఆ ర్యాంకులు ఎలా వచ్చాయో కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో 'అగ్రశ్రేణి న్యాయవాదులు' అని ఒక పేజీ వేశారు. ఫొటోలు, పేర్లు, ఏ విభాగంలో ఎవరిది ఎన్నో స్థానం, అన్నీ ఉన్నాయి. ఆ స్థానం ఎవరిచ్చారో, ఎవర్ని అడిగి ఇచ్చారో మాత్రం ఒక్క ముక్క కూడా లేదు. ఇలాంటి జాబితా కోసం ఒకసారి నన్నూ అడిగారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఒక చిన్న కంపెనీలో లెక్కలు చూస్తాను. ఆమధ్య మాకు సరుకు ఇచ్చేవాళ్లతో కాంట్రాక్టు గొడవ వచ్చి ఆర్బిట్రేషన్ దాకా, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పు చెప్పే దాకా వెళ్లింది. మా లాయర్ గారు బాగా వాదించారు, గెలిచాం. కొన్నాళ్లకు ఆయన ఆఫీసు నుంచి ఫోన్. "మేడమ్, ర్యాంకింగ్ సంస్థకి రిఫరీగా మీ పేరు ఇస్తున్నాం, ఫర్వాలేదు కదా?" అన్నారు. రిఫరీ అంటే లాయర్ పని ఎలా ఉందో ఆ సంస్థకు చెప్పే మనిషి. సరేనన్నాను. తర్వాత ఆ సంస్థ తరఫున ఒక అమ్మాయి ఫోన్ చేసి పావుగంట మాట్లాడింది. చట్టం మీద పట్టు ఎలా ఉంది, ఫోన్ చేస్తే దొరుకుతారా, బిల్లు ముందు చెప్పినంతే వచ్చిందా అని అడిగింది. అన్నిటికీ బాగుందనే చెప్పాను. అది నిజం కూడా. ఆఖర్న, "ఇదే పని చేసే మిగతా లాయర్లతో పోలిస్తే ఈయన ఎక్కడుంటారు?" అంది. నాకు నోట మాట రాలేదు. నా జన్మలో నేను పని చేయించుకున్న లాయర్ ఆయనొక్కరే. ఆ మాటే చెబితే, "ఫర్వాలేదండీ" అని రాసుకుంది.

అదే ఆఫీసుకు కేసు అప్పగించి ఓడిపోయిన ఇంకో కంపెనీ అకౌంటెంట్ నాకు తెలుసు. ఆమెకు ఫోన్ రాలేదు. పేరు ఇస్తే కదా వచ్చేది!

ఆ తర్వాత ఈ ర్యాంకుల సంగతి కాస్త చదివాను. 1868లో అమెరికాలో మార్టిండేల్ అనే ఆయన వేసిన డైరెక్టరీ ఉద్దేశం చాలా చిన్నది. వ్యాపారం మీద వేరే ఊరితో సంబంధం పెట్టుకున్నవాళ్లకు అక్కడ నమ్మదగిన లాయర్ ఎవరో తెలియాలి, అంతే. మొదటి స్థానం, రెండో స్థానం అనే లెక్క తర్వాత వచ్చింది. బ్రిటన్‌లో 1990లో మొదలైన ఛాంబర్స్ సంస్థ ఒక్కో విభాగంలో లాయర్లను బ్యాండ్లుగా, అంటే పై నుంచి కిందికి అంచెలుగా విడగొడుతుంది. లా ఫర్మ్‌లు తాము చేసిన ముఖ్యమైన కేసుల వివరాలు, 20 మంది దాకా రిఫరీల పేర్లు పంపుతాయి. పరిశోధకులు వాళ్లతో, ఇతర లాయర్లతో మాట్లాడి స్థానం తేలుస్తారు. బెస్ట్ లాయర్స్ అనే అమెరికా సంస్థ పద్ధతి వేరు, అక్కడ తోటి లాయర్ల ఓట్లే ఆధారం. సూపర్ లాయర్స్‌లో తోటివారి అభిప్రాయంతో పాటు సంస్థ సొంతంగా విచారించుకుంటుంది, ఒక్కో రాష్ట్రంలో 5 శాతం మందిని మించి తీసుకోదు. అంటే మూడు జాబితాల్లో 'అగ్రశ్రేణి' అన్న మాటకు మూడు అర్థాలు. మీ పేజీలో ఉన్నది వీటిలో ఏ అర్థం?

ఇదంతా మోసమని నేననను. నాతో మాట్లాడిన అమ్మాయి శ్రద్ధగానే అడిగింది, పేరు బయటపెట్టనని మాట కూడా ఇచ్చింది. పేరున్న సంస్థలు స్థానాన్ని డబ్బుకు అమ్మబోమని చెబుతాయి. స్థానం వచ్చాక పెద్ద ప్రొఫైల్‌కో, లోగో వాడుకోవడానికో తీసుకునే డబ్బు వేరు. ముందు ఫీజు కడితేనే అవార్డు అంటూ మెయిళ్లు పంపేవాళ్లు మళ్లీ వేరు. పత్రికలో అచ్చయ్యేసరికి ఈ తేడాలన్నీ చెరిగిపోతున్నాయి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. పెద్ద ఫర్మ్‌ల్లో ఈ దరఖాస్తులు రాయడానికే మనుషులుంటారు. ఒక్కరే కూర్చుని రోజంతా కోర్టులో, సాయంత్రం కక్షిదారులతో గడిపే లాయర్‌కు అన్ని పేజీలు నింపే తీరిక ఎక్కడిది? ఆయన కక్షిదారుల్లో భరణం కోసం తిరిగే ఆడవాళ్లుంటారు, బెయిలు కోసం వచ్చిన తల్లిదండ్రులుంటారు. వాళ్లు తమ గొడవ గురించి ముక్కూ మొహం తెలియని మనిషితో ఫోన్లో మాట్లాడతారా? మెయిల్ వస్తే జవాబు రాస్తారా? ఆ లాయర్ పేరు జాబితాలో లేదంటే పనితనం లేదని కాదు, ఆయన గురించి ఎవరూ అడగలేదని కూడా కావచ్చు. ఈ సంగతి మీ పాఠకులకు ఎవరు చెబుతారు?

అమెరికాలోని న్యూజెర్సీలో ఈ విషయం మీద పెద్ద తగాదానే నడిచింది. లాయర్లు 'సూపర్ లాయర్' లాంటి బిరుదులు ప్రకటనల్లో వాడుకోకూడదని 2006లో అక్కడి కమిటీ ఒకటి తేల్చింది. 2008లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని పక్కన పెట్టింది. అయితే ఆ తర్వాత నిబంధన మార్చి, పోలిక చేసిన సంస్థ పేరు చెప్పాలని, ఆ పోలికకు ఆధారం ఉండాలని కట్టడి పెట్టారు. తన గురించి చెప్పుకునే లాయర్‌కే అంత కట్టడి ఉంటే, వార్తగా వేసే పత్రిక ఇంకెంత జాగ్రత్త పడాలి!

మా చెల్లెలు విడాకుల కేసు వేయాలనుకుంటోంది. మీ పేజీ కత్తిరించి పర్సులో పెట్టుకుంది, అందులో పైనున్న ఆయన దగ్గరికి వెళ్తానంటోంది. ఆయన స్థానం కంపెనీల విలీనాల విభాగంలోది. ఆ మాట ఫొటో కింద సన్నటి అక్షరాల్లో ఉంటే తను చూసుకోలేదు.

ఇకముందు ఇలాంటి జాబితా వేసినప్పుడు దాని కిందే నాలుగు లైన్లు వేయండి. ర్యాంకు ఎవరిచ్చారు, పేర్లు ఎవరు పంపారు, ఎంతమందితో మాట్లాడారు, ఆ పేజీకి గానీ లోగోకి గానీ ఎవరైనా డబ్బు కట్టారా. ఆ సంస్థ ఈ వివరాలు ఇవ్వకపోతే, ఇవ్వలేదని వేయండి. ఆదివారం వేసిన పేజీకి కూడా ఈ వివరాలు తెప్పించి వచ్చే వారం అచ్చు వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు