సాఫ్ట్‌వేర్ వెర్షన్ కూడా రాయండి

సంపాదకులకు,

గుంటూరు, విజయవాడ కాలేజీల పరిశోధక విద్యార్థులకో విన్నపం. గణాంకాల సాఫ్ట్‌వేర్ 'ఆర్' వాడినప్పుడు పేపర్లో 'లెక్కలు ఆర్‌లో చేశాం' అని రాస్తే సరిపోదు. 2019లో వచ్చిన ఆర్ 3.6.0లో యాదృచ్ఛిక నమూనా తీసే పద్ధతే మారింది. అదే కోడ్, అదే సీడ్ (యాదృచ్ఛిక ఎంపికకు మొదలుగా ఇచ్చే సంఖ్య) ఇచ్చినా పాత వెర్షన్‌లో వచ్చిన నమూనా ఇందులో రాదు. వెర్షన్ రాయకపోతే ఆ లెక్క తిరిగి చేసేవారికి తేడా ఎక్కడుందో అంతుపట్టదు.

ఆర్‌లోనే సైటేషన్ ఆదేశానికి ప్యాకేజీ (ఆర్‌కు జతచేసుకునే అదనపు కోడ్) పేరు జోడిస్తే ఉదహరించాల్సిన వివరం వచ్చేస్తుంది. సెషన్ ఇన్ఫో ఆదేశం ఆర్‌దీ, అప్పుడు లోడ్ చేసుకున్న ప్యాకేజీలదీ వెర్షన్లు చూపిస్తుంది. దాన్ని విశ్లేషణ చేసిన రోజే దాచుకోవాలి, అప్‌డేట్ చేశాక పాత అంకెలు కనిపించవు. సొంత కోడైతే పరిశోధన ఫైళ్లు భద్రపరిచే జెనోడో వెబ్‌సైట్‌లో పెట్టండి, ఆ వెర్షన్‌కే డీఓఐ (మారని గుర్తింపు సంఖ్య) ఇస్తారు. కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్ లింకు ఒక్కటే చాలదు, అక్కడి కోడ్ మారుతూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ రాసినవారి పేర్లు ఉండాల్సింది కృతజ్ఞతల్లో కాదు, రిఫరెన్సుల్లో. గైడ్లు సంతకం పెట్టేముందే ఇది చూడాలి.

— పరిశోధన గణాంకాలు బోధించే అధ్యాపకులు, గుంటూరు