కారణాంక విభజనకు అట్టముక్కలు చాలు

సంపాదకులకు నమస్కారం.

ఎనిమిదో తరగతి గణితంలో కారణాంక విభజన అంటే ఒక బీజీయ సమాసాన్ని, గుణిస్తే మళ్లీ అదే వచ్చే భాగాలుగా విడదీసి రాయడం. అందులో 6ఎక్స్ + 9 ని 3(2ఎక్స్ + 3)గా రాయడం పిల్లలకు సులువే, ఎందుకంటే అది విభాగ న్యాయాన్ని (బ్రాకెట్ బయటి సంఖ్యతో లోపలి ప్రతి పదాన్నీ గుణించే నియమాన్ని) వెనుక నుంచి చదవడమే. చిక్కంతా ఎక్స్ వర్గం + 5ఎక్స్ + 6 వంటి సమాసాల దగ్గర మొదలవుతుంది. లబ్ధం 6, మొత్తం 5 వచ్చే సంఖ్యలు వెతకమని చెప్పి ఊరుకుంటే, అవే ఎందుకు కావాలో వారికి తెలియదు. పాత పెళ్లిపత్రికల అట్టతో, భుజం ఎక్స్ ఉన్న ఒక చతురస్రాన్ని, ఎక్స్ పొడవు, ఒక యూనిట్ వెడల్పు గల ఐదు పట్టీలను, ఆరు చిన్న గళ్లను కత్తిరించి ఇచ్చి, ఖాళీ లేకుండా దీర్ఘచతురస్రం పేర్చమంటే, పట్టీలను ఒక వైపు రెండు, మరో వైపు మూడు పెట్టినప్పుడే మూలలో ఆరు గళ్లూ ఇముడుతాయని, ఒకటి, నాలుగుగా పెడితే రెండు గళ్లు మిగిలిపోతాయని వారే కనుక్కుంటారు. భుజాలు (ఎక్స్ + 2), (ఎక్స్ + 3) అని వేరే చెప్పనక్కరలేదు.

ఋణ గుర్తులు వచ్చినచోట అట్టముక్కలు అంతగా సాయపడవన్నది నిజమే. అక్కడ జవాబును తిరిగి గుణించి సరిచూసుకునే అలవాటే ఆధారం. అలా సరిచూస్తూ రాసిన ఆ ఒక్క వరుసకు మూల్యాంకనంలో అర మార్కయినా కేటాయించాలని విద్యాశాఖ అధికారులను కోరుతున్నాను.

— ఒక గణిత ఉపాధ్యాయుడు