చివరి నిశ్శబ్దాన్ని చెడగొట్టకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన శనివారం జరిగిన ఫ్రీ జాజ్ (ఎక్కువగా అప్పటికప్పుడు కలిసి అల్లుకుంటూ వాయించే జాజ్ సంగీతం) కచేరీ మీద మీ పత్రికలో వచ్చిన సమీక్ష చదివాను. ‘ఎవరికి తోచింది వారు వాయించారు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అదే హాలులో, మూడో వరుసలో, డ్రమ్ములకు ఎదురుగా కూర్చున్నదాన్ని. ఆ మాట ఒప్పుకోలేకపోతున్నాను.

నేను 26 ఏళ్లు కోర్టులో స్టెనోగ్రాఫర్‌గా పని చేశాను. నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నా ఎవరి మాటకు ఎవరు బదులిస్తున్నారో పట్టుకోవడమే నా ఉద్యోగం. అలాంటి నాకు కూడా మొదటి పది నిమిషాలు ఏమీ అందలేదు. తాళం లేదు, తిరిగి తిరిగి వచ్చే పల్లవి లేదు. సాక్సోఫోన్ కేకలు పెడుతోంది. పియానో మెట్ల మీద అరచేతులు పడుతున్నాయి. నా పక్కన కూర్చున్న దంపతులు లేచి వెళ్లిపోయారు. వారిని తప్పుపట్టను.

తరువాత చెవులతో పాటు కళ్లకూ పని చెప్పాను. బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) వాయించే ఆవిడ కమానును బ్రిడ్జికి, అంటే తీగలను మోసే చెక్కకు, దిగువన, మామూలుగా ఎవరూ వాయించని చోట ఆనించి, పాత తలుపు కిర్రుమన్నట్టు చిన్న శబ్దం తీశారు. డ్రమ్మర్ వెంటనే పుల్లలు పక్కన పెట్టి, తానూ ఒక కమాను అందుకుని సింబల్ అనే లోహపు పళ్లెం అంచు మీద నిలువుగా లాగాడు. ఆ కిర్రుకు అంతకన్నా సన్నని కూత తోడైంది. అప్పటిదాకా గొంతు చించుకున్న సాక్సోఫోన్ ఆగిపోయింది. ఆ కళాకారుడు కళ్లు మూసుకుని దాదాపు నిమిషం పాటు ఊరికే విన్నాడు. మళ్లీ అందుకున్నాక ఊపిరి కోసం కూడా ఆగలేదు. బుగ్గల్లో నింపుకున్న గాలిని వాయిద్యంలోకి నెడుతూనే ముక్కుతో కొత్త గాలి తీసుకుంటున్నాడు. ఆ బుగ్గలు ఉబ్బడం, తగ్గడం నాకు స్పష్టంగా కనిపించింది. ఒకరినొకరు ఇంత శ్రద్ధగా వినడం నా సర్వీసు మొత్తంలో నేను చూడలేదు.

ఇంటికి వచ్చాక అమెరికన్ సాక్సోఫోన్ కళాకారుడు ఆర్నెట్ కోల్మన్ ‘ఫ్రీ జాజ్’ ఆల్బమ్ విన్నాను. 1960 డిసెంబరు 21న రికార్డు చేసింది. సుమారు 37 నిమిషాలు. ఎడమ స్పీకరులో నలుగురు, కుడి స్పీకరులో నలుగురు వాయిస్తారు. ఎవరి వంతు మొదలయ్యే ముందు అయినా అందరూ కలిసి వాయించే చిన్న భాగం ఒకటి వస్తుంది. అది ముందుగా కూర్చుకున్నదే. అంతకు ముందు ఏడాది న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ అనే జాజ్ క్లబ్‌లో ఆయన వాయించినప్పుడు సంగీతకారులే రెండుగా చీలిపోయారు. 2007లో సంగీతానికి పులిట్జర్ బహుమతి వచ్చింది కూడా ఆయనకే.

అయితే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది నిర్వాహకులకు. రాసుకున్న పాటకు ముగింపు ఎక్కడో ముందే తెలుసు. ఈ సంగీతంలో ముగింపును కూడా వాయించేవారే, అప్పటికప్పుడు, కలిసి వెతుక్కోవాలి. ఆ రాత్రి శబ్దాలు ఒక్కొక్కటిగా సన్నబడ్డాయి. డ్రమ్మర్ అరచేతితో సింబల్‌ను మెల్లగా అదిమాడు. బాస్ ఆవిడ కమాను తీగలకు నాలుగు వేళ్ల ఎత్తున గాలిలో నిలిచింది. అయిపోయిందా, ఇంకా ఉందా? హాలంతా ఊపిరి బిగబట్టింది. సరిగ్గా అప్పుడే వ్యాఖ్యాత మైకు అందుకుని ‘గట్టిగా చప్పట్లు!’ అన్నారు. దీపాలన్నీ వెలిగాయి. ఆవిడ డ్రమ్మర్ వైపు ఒకసారి చూసి కమాను దించేశారు. వారు ఇంకా వాయించేవారేనని నా నమ్మకం. ఆ మిగిలింది ఏమిటో ఇక ఎవరికీ తెలియదు.

దయచేసి ఇకమీదట కళాకారుల చేతులు పూర్తిగా కిందికి దిగేదాకా మైకు ముట్టుకోకండి, దీపాలు వేయకండి. మీ సమీక్షకులు వచ్చేసారి ముందు వరుసల్లో కూర్చోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు