కలగలుపు బండల పరుపు: రాయి దిగకముందే గీత గీయాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటి ముంగిట ఒకే సైజు బండలు కాకుండా మూడు నాలుగు సైజుల నాపరాళ్లు కలిపి పరిపించుకునే పద్ధతి ఇప్పుడు చిన్న ఊళ్లకూ వచ్చింది. చూపుకు బాగుంటుంది, క్వారీలో చిన్న రాళ్లూ అమ్ముడవుతాయి. కానీ చాలామంది “ఇన్ని చదరపు అడుగులు మిక్స్‌డ్ పంపించండి” అని చెప్పేసి, ఏ రాయి ఎక్కడ పడాలో మేస్త్రీ చేతికి వదిలేస్తున్నారు. మేస్త్రీ దొంతరలో పైనున్న రాయి ముందు తీస్తాడు. పెద్ద బండలన్నీ గుమ్మం దగ్గరే అయిపోయి, గేటు దగ్గరికి వచ్చేసరికి అన్నీ అడుగు ముక్కలే మిగులుతాయి.

తాండూరు, బేతంచెర్ల, కడప, షాబాదు బండల్లో ఏది తెచ్చినా మొదట చూసుకోవాల్సింది సందు లెక్క. రెండడుగుల రాయి పక్కన అడుగు రాళ్లు రెండు పెడితే సరిపోతుందనుకుంటారు. ఆ రెండింటి నడుమ అర అంగుళం సందు ఉంటుంది గనక అవి 24½ అంగుళాలు వస్తాయి; పక్క రాయి 24 దగ్గరే ఆగుతుంది. ఒకే వరసలో ఇలా నాలుగు చోట్ల జరిగితే తేడా రెండంగుళాలు. అప్పుడు సందులు వంకర తిరుగుతాయి, లేదా కటింగ్ మిషన్ తీసి ప్రతి రాయీ కోయాలి. సందుతో కలిపి అడుగు వచ్చేలా కోయించడమే దీనికి మార్గం. అర అంగుళం సందుకు రాళ్ల కొలతలు 11½, 23½, 35½ అంగుళాలు ఉండాలి. రెండు పదకొండున్నరలకు ఒక సందు కలిపితే 23½, మూడింటికి రెండు సందులు కలిపితే 35½. మిషన్‌తో అంచు కోసిన రాళ్లయితే పావు అంగుళం సందు చాలు. అప్పుడు 11¾, 23¾, 35¾. సుత్తీ ఉలీతో కొట్టిన అంచుకు పావు అంగుళం ఆశించకూడదు.

ఇక రాళ్ల లెక్క. 12 అడుగులకు 18 అడుగుల ముంగిలి తీసుకుందాం, 216 చదరపు అడుగులు. దీనికి, సందుతో కలిపిన అడుగుల కొలతలో, 3×2 రాళ్లు 12, 2×2 రాళ్లు 24, 2×1 రాళ్లు 18, అడుగు రాళ్లు 12 కావాలి. విస్తీర్ణంలో 72, 96, 36, 12. కూడితే సరిగ్గా 216. అడుగు రాళ్లు ఇంతకన్నా పెరిగితే పరుపు అతుకులబొంతలా కనిపిస్తుంది. తరుగు కోసం మొత్తం మీద ఇంత శాతం అని కాకుండా 3×2 రాళ్లే రెండు మూడు అదనంగా తెప్పించాలి. పెద్ద రాయిని కోసి చిన్నది చేయవచ్చు, చిన్నదాన్ని పెద్దది చేయలేం.

గ్రాఫు కాగితం మీద ఒక గడి ఒక అడుగు అనుకుని ముందు 3×2 రాళ్లు పన్నెండూ ముంగిలంతా చెదిరి ఉండేట్టు, కొన్ని నిలువుగా కొన్ని అడ్డంగా గీయాలి. తర్వాత 2×2, ఆ తర్వాత చిన్నవి. నాలుగు మూలలు ఒకే చోట కలిసి ప్లస్ గుర్తు పడకూడదు. అక్కడ నాలుగు రాళ్ల మట్టమూ ఒక్కటిగా రావాలి, నాపరాయితో అది కుదరదు, ఒక మూల లేచి కాలికి తగులుతుంది. ఒకే సందు తిన్నగా ఆరడుగులు దాటి పోకూడదు. అడుగు రాయిని బయటి అంచున, మూలన పెట్టకూడదు. బరువు లేని రాయి కాబట్టి ముందు ఊడేది అదే. గోడ వారన నాలుగంగుళాల పేళ్లు మిగిలేట్టుంటే పరుపునే ఆ మేరకు తగ్గించి, అక్కడ మట్టి వదిలి మొక్కలు వేసుకోవడం నయం.

డ్రైనేజీ చాంబరు మూత ఎక్కడుందో కాగితం మీద ముందే గుర్తు పెట్టాలి. దాని మీద ఒకే 2×2 రాయి పడేట్టు చూసి, ఎత్తడానికి కొక్కెం బిగించి, సిమెంటు పట్టించకుండా వదలాలి. లేకపోతే చాంబరు పొంగిన రోజు నాలుగు బండలు పగలగొట్టాల్సిందే. గుమ్మం ఎదుట మాత్రం 3×2 రాళ్లే జోడించండి, ముగ్గు పెట్టేవాళ్లకు సందులు అడ్డురావు.

ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది మందం. నాపరాయి పొరలుగా చీలే రాయి కాబట్టి ఒకే లారీలో ముప్పావు అంగుళం నుంచి ఒకటిన్నర దాకా వస్తుంది. సైజులు వేర్వేరు గుట్టల నుంచి ఏరి పంపితే తేడా ఇంకా పెరుగుతుంది. దిగుమతి కాగానే సైజు వారీగా, అందులో మళ్లీ మందం వారీగా పేర్చాలి. అన్నిటికన్నా మందమైన రాయితో మట్టం ఖాయం చేసుకుని, పల్చటి వాటి కింద మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) పెంచుకోవాలి. 3×2 రాయి అంగుళంపావుకు తగ్గితే వెనక్కి పంపడమే మేలు.

అడుగున నల్లరేగడి ఉంటే అడుగు లోతు తీసేసి మొరం పోసి, ఆరేసి అంగుళాల పొరలుగా నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టాలి. పైన 3 అంగుళాల 1:4:8 కాంక్రీటు (సిమెంటు ఒక వంతు, ఇసుక నాలుగు, కంకర ఎనిమిది). దాని మీద 1:6 మాలు (సిమెంటు ఒక వంతుకు ఇసుక ఆరు) అంగుళంన్నర. 216 చదరపు అడుగులకు ఈ మాలుకే నాలుగు బస్తాల పైచిలుకు సిమెంటు, 31 ఘనపుటడుగుల ఇసుక పడుతుంది. రాయి వెనక పూసే సిమెంటు పాలకూ సందులకూ మరో రెండు బస్తాలు. వాలు ఆరడుగులకు ఒక అంగుళం, ఇంటి నుంచి బయటికి, వీలైతే ఇంకుడు గుంత వైపు. మూలలు 6-8-10 అడుగుల కొలతతో సరిచూసి దారం కట్టాలి.

తొందరలో కొందరు రాయి నాలుగు మూలలా నడుమనా ఐదు ముద్దలు మాలు పెట్టి కూర్చోబెడతారు. చేత్తో తట్టితే డొల్ల చప్పుడు వస్తుంది, కారు చక్రం ఎక్కగానే పగులుతుంది. అలాంటి రాయిని అప్పుడే లేపించాలి, మాలు గట్టిపడ్డాక లేపితే రాయి దక్కదు.

సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ పోయనివ్వవద్దు. నాపరాయి సున్నపురాయి, యాసిడ్ తగిలితే నురగ కక్కి పైపొర తినేస్తుంది, తెల్లటి మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. మరక పచ్చిగా ఉన్నప్పుడే గోనెపట్టాతో తుడిపించాలి.

అమ్మకందారులకూ ఒక మాట. రెండడుగుల రాయి అని చెప్పి 22 అంగుళాలది ఇస్తూ నాలుగు చదరపు అడుగుల కింద కట్టడం సరికాదు. అందులో ఉండేది 3.36 చదరపు అడుగులే, నూటికి 16 తక్కువ. ప్రతి సైజుకూ అసలు కొలత, మందం, రాళ్ల సంఖ్య బిల్లు మీద వేరువేరుగా రాయాలి. కొనేవాళ్లూ రాళ్లు దించకముందే టేపు పెట్టి చూసుకుని, కొలత తప్పిన లోడును లారీలోనే వెనక్కి పంపాలి.

ఇట్లు,
ఒక నిర్మాణ పనుల సూపర్‌వైజరు,
నంద్యాల