మన గుర్రపు స్వారీ సంఘం వార్షిక నివేదిక: ముందు కూర్చోవడం, తర్వాతే దూకడం

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల కాగితం విడిగా పంపాం, ఉలవల ఖర్చు, లాడాల ఖర్చు చూసి గుండెలు బాదుకునేవాళ్ళు అక్కడే బాదుకోండి. ఇక్కడ మాత్రం ఏడాదంతా సంఘంలో నలిగిన గొడవ గురించే రాస్తాను: మన పిల్లలకి ఏ స్వారీ నేర్పాలి?

కుర్రాళ్ళకి షో జంపింగ్, అంటే గుర్రాన్ని అడ్డుకర్రల మీంచి దూకించడం కావాలి, రీల్స్‌లో బావుంటుంది మరి. కొందరు వెస్టర్న్ అన్నారు, అంటే ముందు కొమ్ములాంటి పిడి ఉన్న బరువైన జీను, పగ్గాలు ఒక్క చేత్తో వదులుగా పట్టుకుని మెడకి ఆనించి తిప్పడం, పశువుల మందలు తోలేవాళ్ళ పద్ధతి. ఆ జీనులు తెప్పించే స్తోమత మనకి లేదు. కమిటీ డ్రెస్సాజ్‌కి, అంటే దూకుళ్ళు లేకుండా గుర్రం చేత లెక్కప్రకారం అడుగులు వేయించే స్వారీకి ఓటేసింది, నేనూ వేశాను. గుర్రంతో డాన్సేంటని వెక్కిరించారు గానీ, 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో అనుష్ అగర్వల్లా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా టీమ్ గోల్డ్ కొట్టింది ఆ డాన్సులోనే. గుర్రాల పోటీల్లో 1982 ఢిల్లీ తర్వాత మనకి మళ్ళీ గోల్డ్ అదే.

నల్లరేగడి ఎండితే నెర్రెలు, తడిస్తే బురద, గుర్రం కాలికి రెండూ ప్రమాదమే. అందుకని కొబ్బరితోట పక్క మెరక మీద ఇసుక తోలించి 60 మీటర్లకి 20 మీటర్ల అరీనా వేశాం. ఇసుక తోలినాయన సగం గులకరాళ్ళే తోలాడు, ఏరుకునే పని మనకి మిగిలింది.

ట్రాట్‌లో, అంటే గుర్రం దుడుకు నడకలో, బయటివైపు ముందుకాలు ముందుకెళ్ళేటప్పుడు జీనులోంచి లేవాలి, ఆ కాలు నేలకి ఆనేటప్పుడు కూర్చోవాలి. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి గుర్రం భుజం వంకే చూస్తూ "లే, కూర్చో, లే, కూర్చో" అని గొణుక్కునేది. సంక్రాంతి సెలవుల్లో ఆ గొణుగుడు ఆగిపోయింది, చూపు ఎదురుగా నిలబడింది, అప్పటిదాకా తల ఎగరేస్తున్న గుర్రం మెడ దించి కళ్ళెం నెమ్మదిగా నమలడం మొదలెట్టింది. జంపింగ్ కావాలని గోలపెట్టిన తండ్రి ఆ రోజు ఏమీ మాట్లాడలేదు.

జంపింగ్ మానలేదు. సరుగుడు కర్రలు మోకాలి ఎత్తున పెట్టాం. కర్ర తాడుతో కట్టకూడదు, స్తంభానికున్న గిన్నెలాంటి కప్పులో ఊరికే ఆనాలి, కాలు తగిలితే పడిపోవాలి, పోటీల్లో అలా పడితే 4 పెనాల్టీలు. ఈవెంటింగ్, అంటే మూడు రకాల స్వారీ కలిపిన పోటీ మోజున్నవాళ్ళకి ఒక మాట: టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానంలో నిలిచిన మన ఫవాద్ మీర్జా కూడా ముందు డ్రెస్సాజ్ చేసి, తర్వాత బయళ్ళలో అడ్డంకులు దాటే క్రాస్‌కంట్రీ, ఆ పైనే జంపింగ్‌కి వెళ్ళాడు.

పరుగెత్తే గుర్రం మీంచి బల్లెంతో నేలలోని మేకు పొడిచి లేపే టెంట్ పెగ్గింగ్, పోలో జోలికి పోలేదు. కొబ్బరిచెట్ల మధ్య బల్లెం పట్టుకుని గ్యాలప్ చేయించే ధైర్యం నాకు లేదు.

మన నేలకి నప్పేది ఎండ్యూరెన్సే, అంటే దూరాల స్వారీయే అని నా ఉద్దేశం. ఏటిగట్టు ఉంది, కాలవగట్లు ఉన్నాయి, తెల్లారగట్ల చల్లగా ఉంటుంది. అందులో వేగం ఒక్కటే చాలదు, ఆగిన చోటల్లా పశువైద్యుడు చూస్తాడు, గుండె నిమిషానికి 64 లోపుకి దిగకపోతే ఇంటికే. గుర్రం ఎడమ ముందుకాలి మోచేతి వెనక స్టెతస్కోప్ పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం పిల్లలందరికీ వచ్చేసింది.

వచ్చే ఏడు హెల్మెట్ లేకుండా, హవాయి చెప్పులతో వస్తే ఎంతటివారైనా ఎక్కనివ్వం. చిన్న మడమున్న బూటు తెచ్చుకోండి, రికాబులోంచి పాదం అవతలకి దూరకుండా. జోరీగల వల్ల సర్రా అనే రక్తపు జబ్బు భయం ఉంది, షెడ్డుకి దోమతెర వేయాలి, గిట్టలు కుళ్ళకుండా నేల ఎత్తించాలి. చందా బాకీలు వానలకి ముందే కట్టేయండి.