అధ్యక్షుడు దిగిపోయాక మిగిలేది

ఎడిటర్ గారికి నమస్కారం.

అమెరికా అధ్యక్ష ఎన్నికలు వచ్చినప్పుడల్లా పత్రికల్లో రెండు రకాల ఉత్తరాలు కనిపిస్తాయి. ఫలానా ఆయన గెలిస్తే ఆ దేశం తలకిందులైపోతుందని కొందరు, ఎవరొచ్చినా ఒరిగేదేమీ లేదని కొందరు. పాతికేళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెప్పాను. ప్రతి ఏడూ అమెరికా రాజ్యాంగం ఒక పాఠం. ఆ అనుభవంతో ఒక మాట రాస్తున్నాను.

ప్రచారంలో ఇచ్చే హామీలను చూసి టెన్షన్ పడక్కర్లేదు. ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టాన్ని రద్దు చేస్తానని చెప్పి ట్రంప్ 2016లో గెలిచారు. ఉభయ సభల్లోనూ మెజారిటీ ఆయన పార్టీదే. అయినా 2017 జూలై 28 తెల్లవారుజామున ఆ పార్టీ సెనేటరే, అప్పటికే మెదడు క్యాన్సర్ బయటపడిన జాన్ మెకెయిన్, ముందుకు నడిచొచ్చి చెయ్యి చాపి బొటనవేలు కిందికి దించారు. 51–49తో రద్దు బిల్లు వీగిపోయింది.

అసలు ప్రభావమంతా నియామకాల్లో ఉంటుంది. అక్కడ సుప్రీంకోర్టు జడ్జిలకు రిటైర్మెంట్ వయసు లేదు, తప్పుకునేదాకానో పోయేదాకానో ఉంటారు. అందుకే ఖాళీలు రావడంలో అదృష్టం పాలెక్కువ. ట్రంప్‌కు మొదటి నాలుగేళ్లలోనే ముగ్గురు సుప్రీంకోర్టు జడ్జిలను నియమించే అవకాశం దొరికింది. 1977–81 మధ్య అధ్యక్షుడిగా ఉన్న కార్టర్‌కు నాలుగేళ్లలో ఒక్క ఖాళీ కూడా రాలేదు. అయితే 1979లో ఆయన పాల్ వోల్కర్‌ను అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్‌కు ఛైర్మన్‌ని చేశారు. ధరలను అదుపు చేయడానికి వోల్కర్ వడ్డీ రేట్లను 20 శాతం దాకా పోనిచ్చారు. ధరల మంట చల్లారేసరికి కార్టర్ ఓడిపోయి ఇంటికెళ్లిపోయారు. పేరు తర్వాత వచ్చిన రీగన్‌కు దక్కింది. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ కార్టర్ మీద నాకు జాలేసేది.

ఇక 2000 నాటి అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడా రాష్ట్రం. అట్టకార్డుకు చిల్లు పొడిచి ఓటేసే పద్ధతి. చాలా కార్డుల్లో చిల్లు పూర్తిగా పడక, చిన్న కాగితం ముక్క అంచున వేలాడుతూ ఉండిపోయింది. అధికారులు ఒక్కో కార్డునూ లైటుకు ఎదురుగా పట్టి, కళ్లు చికిలించి, ఇది ఓటా కాదా అని తేల్చాల్సి వచ్చింది. చివరికి సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో ఆ లెక్కింపు ఆగిపోయింది. 537 ఓట్ల తేడాతో ఫ్లోరిడాతో పాటు అధ్యక్ష పదవీ జార్జ్ డబ్ల్యూ. బుష్‌కు దక్కింది. లెక్కింపు ఆపిన ఆ ఐదుగురిలో శాండ్రా డే ఓ'కానర్ ఒకరు. 1992లో గర్భస్రావ హక్కును నిలబెట్టిన జడ్జిల్లోనూ ఆమె ఉన్నారు. 2006లో ఆమె ఖాళీ చేసిన కుర్చీలో బుష్ శామ్యూల్ అలిటోను కూర్చోబెట్టారు. బుష్ 2004లో మళ్లీ గెలిచాకే ఈ ఖాళీ వచ్చిన మాట నిజమే. కానీ మొదటిసారి ఓడిపోయి ఉంటే రెండో గెలుపు ఎక్కడిది?

1973 నుంచి ఉన్న ఆ గర్భస్రావ హక్కు 2022 జూన్ 24న సుప్రీంకోర్టు తీర్పుతో పోయింది. తీర్పు రాసింది అలిటోయే. ఫ్లోరిడాలో ఆ కార్డులు లెక్కపెడుతున్న రోజుల్లో పుట్టిన ఆడపిల్లకు అప్పటికి 21 ఏళ్లు. ఆమెకు ఓటు హక్కు రాకముందే, అసలు ఊహ తెలియకముందే ఆమె సంగతి సగం తేలిపోయింది. ఇది తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ఈసారి ఎన్నికలప్పుడు అభ్యర్థుల హామీల పట్టికతో పాటు ఆ కోర్టు జడ్జిల వయసులు, వాళ్లను ఎవరు ఏ ఏడాది నియమించారో కూడా వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు